కాలేజీ కంప్యూటరు మునిగితే?

పిల్లలూ! విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే పెద్ద రోడ్డు మీద, నందిగామ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఐతవరం అనే ఊరు వస్తుంది. 2023 జూలై చివరివారంలో మున్నేరు పొంగి అక్కడ రోడ్డు మీదుగా ప్రవహించింది. లారీలు, బస్సులు బారులు తీరి నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్ళీ అదే జరిగింది. అదే రోజుల్లో జగ్గయ్యపేట అవతల గరికపాడు దగ్గర పాలేరు కూడా పొంగి రాకపోకలు ఆపేసింది. ఆ వరదలో విజయవాడ ప్రకాశం బారేజికి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల దాకా నీరు వచ్చింది. అంత నీరు అప్పటివరకు ఎన్నడూ రాలేదు.

నందిగామ, జగ్గయ్యపేటలు పూర్వం కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్‌టీఆర్ జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా నేల మారలేదు కదా! "మెట్టవాళ్ళం, మనకు వరదేమిటి?" అనుకోవడానికి వీలులేదని ఆ రెండు సంవత్సరాలు చూపించాయి.

వరద తీసింది. రోడ్డు బాగుచేశారు. బస్సులు మళ్ళీ నడిచాయి. తడిసిన ధాన్యాన్ని జనం ఎండబెట్టుకున్నారు. మరి అలాంటి వరదలో ఒక కాలేజీ కంప్యూటరు మునిగిందనుకోండి. అందులోని పేర్లు, మార్కులు, లెక్కలు ఎండబెడితే తిరిగి వస్తాయా? రావు. అవి పోకుండా ముందే ఏం చేయాలి? పోతే ఎలా తిరిగి నిలబెట్టుకోవాలి? దీనినే విపత్తు పునరుద్ధరణ ప్రణాళిక అంటారు. పేరు పెద్దదే గాని, విషయం మీకు తెలిసిన లెక్కలతోనే అర్థమవుతుంది.

పోయేది యంత్రం కాదు

నందిగామలో ఒక డిగ్రీ కాలేజీని ఊహించుకుందాం. అందులో వెయ్యిమంది విద్యార్థులు. ఆఫీసు పక్క గదిలో ఒక సర్వరు ఉంది. సర్వరు అంటే మిగతా కంప్యూటర్లు అడిగిన సమాచారాన్ని అందించే కంప్యూటరు. ప్రవేశాల రిజిస్టరు, హాజరు, ఫీజుల ఖాతా, ఇంటర్నల్ మార్కులు, స్కాలర్‌షిప్పుల జాబితా, లైబ్రరీ పద్దు, సిబ్బంది జీతాల లెక్క అన్నీ అందులోనే ఉన్నాయి.

సర్వరు పాడైతే డబ్బు పెట్టి మరొకటి కొనవచ్చు. కాని చందర్లపాడు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి ఇంటర్నల్ మార్కులు ఏ కొట్లోనూ దొరకవు. వాటిని యూనివర్సిటీకి పంపడానికి గడువు సోమవారం. ఆదివారం రాత్రి గదిలోకి నీళ్ళు వచ్చాయి. ఆమె పై చదువు ఆ మార్కుల మీద ఆధారపడి ఉంది. కనుక మనం కాపాడుకోవలసింది ముఖ్యంగా యంత్రాన్ని కాదు, సమాచారాన్ని.

తడిసిన డిస్కులో ఏం జరుగుతుంది?

హార్డు డిస్కు లోపల అద్దంలా నున్నని గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. చాలా డిస్కుల్లో అవి నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. సమాచారం వాటి మీద అయస్కాంత గుర్తుల రూపంలో ఉంటుంది. ఆ గుర్తులను చదివే తల పళ్ళేన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. ఇక ఒండ్రుమట్టి రేణువు ఆ తలకు కొండలా అడ్డుపడుతుందని వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నీరు తగిలినంత మాత్రాన అయస్కాంత గుర్తులు చెరిగిపోవు. తడిసిన డిస్కును "పనిచేస్తుందేమో చూద్దాం" అని కరెంటు పెట్టి తిప్పినప్పుడే అసలు నష్టం జరుగుతుంది. బురద రేణువులు పళ్ళేన్ని గీరేస్తాయి. బురదనీటిలో కరిగిన లవణాల వల్ల కరెంటు దారితప్పి పారి విడిభాగాలు కాలిపోతాయి. కనుక మొదటి సూత్రం గుర్తుంచుకోండి: తడిసిన కంప్యూటరుకు కరెంటు పెట్టరాదు. నిపుణులు కొన్నిసార్లు అందులోని సమాచారాన్ని బయటికి తీయగలరు. కాని దానికి ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ.

ముందు వేసుకోవలసిన రెండు ప్రశ్నలు

ప్రణాళిక వేసేవారు మొదట రెండు ప్రశ్నలు వేసుకుంటారు.

ఒకటి: ఎంత సమాచారం పోయినా తట్టుకోగలం? రోజూ రాత్రి 9 గంటలకు నకలు తీస్తున్నామనుకుందాం. మర్నాడు సాయంత్రం 5 గంటలకు సర్వరు మునిగితే, మధ్యలోని 20 గంటల్లో ఎక్కించినది పోతుంది. ఆ ఒక్కరోజు హాజరును కాగితం చూసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. నెలకోసారి నకలు తీస్తే నెలరోజుల పని పోతుంది.

రెండు: ఎంతసేపు పని ఆగినా తట్టుకోగలం? లైబ్రరీ పద్దు వారంరోజులు లేకపోయినా నోటుపుస్తకంలో రాసుకుని నెట్టుకురావచ్చు. పరీక్షల రోజుల్లో మార్కుల పట్టిక ఒక్కరోజు లేకపోయినా ఇబ్బందే. కనుక ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస వేసుకోవాలి. అన్నిటినీ ఒకేసారి లేపాలని చూస్తే ఏదీ సమయానికి లేవదు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. కాలేజీ సమాచారం మొత్తం 200 గిగాబైట్లు. బైటుకు 8 బిట్లు. అంటే 1,600 గిగాబిట్లు. ఇంటర్నెట్టు వేగం సెకనుకు 50 మెగాబిట్లు అనుకుంటే, దూరాన ఉన్న నకలును తిరిగి తెచ్చుకోవడానికి 32,000 సెకన్లు పడుతుంది. అంటే దాదాపు 9 గంటలు. అదే నకలు జగ్గయ్యపేటలో ఒక డిస్కులో ఉందనుకోండి. దూరం సుమారు 30 కిలోమీటర్లు. మోటారు సైకిలు మీద గంటలోపు తేవచ్చు. డిస్కు నుంచి సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున ఎక్కిస్తే 2,000 సెకన్లు, అంటే అరగంట పైన కొంచెం. మొత్తం గంటన్నర! ఇంటర్నెట్టు కంటే మోటారు సైకిలే ముందు వచ్చింది. కాని ఒక్క షరతు: రోడ్డు తెగకుండా ఉండాలి.

నకళ్ళ లెక్కలో ఒక మెలిక

ఒక డిస్కు ఏడాదిలో పాడయ్యే అవకాశం 20లో 1 వంతు అనుకుందాం. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉంటే? మీరు సంభావ్యత పాఠంలో చదివినట్టు 1/20ని 1/20తో గుణిస్తే 1/400 వస్తుంది. మూడు డిస్కులైతే 1/8,000. ఎంత భరోసా!

తొందరపడకండి. అలా గుణించడానికి వీలు ఎప్పుడు? ఒకటి పాడవడానికి, మరొకటి పాడవడానికి ఏ సంబంధమూ లేనప్పుడు మాత్రమే. మూడు డిస్కులూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద ఉన్నాయనుకోండి. గదిలోకి మోకాలిలోతు నీళ్ళు వస్తే మూడూ ఒకేసారి మునుగుతాయి. ఒకే ప్లగ్గుకు తగిలించి ఉంటే ఒక పిడుగుకు మూడూ కాలిపోతాయి. ఒకే తాళం కింద ఉంటే దొంగ మూడూ పట్టుకుపోతాడు. అప్పుడు 1/8,000 అన్న లెక్క ఉత్తదే. పేరుకు మూడు నకళ్ళు, నిజానికి ఒక్కటే!

దక్షిణ కొరియాలో ఇలాంటిదే జరిగింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ సమాచార కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయింది. సమాచారం మరీ పెద్దదని బయట ఎక్కడా దానికి నకలు ఉంచలేదు. అంత సాంకేతిక ప్రగతి ఉన్న దేశంలోనే ఇలా జరిగిందంటే మన చిన్న కాలేజీ ఎంత జాగ్రత్తగా ఉండాలి!

ధనంబోడు చెప్పే పాఠం

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి మనం కొరియా దాకా పోనక్కరలేదు. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు అనే గుట్ట ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. క్రీస్తుశకం మూడో శతాబ్దికి చెందిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. ఆ దానం సంగతి ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది. విశేషమేమిటంటే, అదే విషయం ఒక్క స్తంభం మీద కాదు, మూడు స్తంభాల మీద దొరికింది! ఒకదానిలో ఒక అక్షరం అరిగినా మరొకదానితో పోల్చి చదువుకోవచ్చు. మన కంప్యూటరు నకళ్ళ కోసం అలా చెక్కారని నేననడం లేదు. కాని నకలు వల్ల కలిగే మేలు అక్కడ కళ్ళకు కడుతుంది.

అయితే ఆ మూడు రాళ్ళూ ఒకే చోట ఉండేవి. రాయి గట్టిది కనుక నిలిచింది. రాయి కూడా ఎల్లకాలం నిలుస్తుందనుకోవద్దు. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న అమరావతి స్తూపం ఫలకాలు ఎన్నో సున్నం కోసం కాలిపోయాయి, కట్టడాల్లో కలిసిపోయాయి. కాలిన రాతిని తిరిగి తేలేం. కాని కాలిన్ మెకంజీ 1816 నుంచి తన మనుషుల చేత ఆ శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఈనాడు కనిపించని కొన్ని ఫలకాలు ఎలా ఉండేవో ఆ కాగితాలే చెబుతున్నాయి. రాయి పోయింది, కాగితం మిగిలింది! కాగితం రాతికంటే గట్టిదనా? కాదు. అది వేరే చోట ఉంది గనుక.

మూడు, రెండు, ఒకటి

ఇప్పుడు కంప్యూటరు నిపుణులు పాటించే నియమం తేలికగా అర్థమవుతుంది. పీటర్ క్రోగ్ అనే ఛాయాగ్రాహకుడు దీనికి ప్రచారం తెచ్చాడు. సమాచారం మొత్తం మూడు చోట్ల ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి. వాటిలో ఒక్కటైనా వేరే ఊళ్ళో ఉండాలి.

మన నందిగామ కాలేజీకి దీన్ని అన్వయిద్దాం. మొదటిది సర్వరులోనే ఉంది. దాన్ని కింది గదిలో కాక మేడమీద పెడితే సగం భయం తీరుతుంది. రెండోది విడిగా తీసి బీరువాలో పెట్టే డిస్కు. మూడోదాన్ని జగ్గయ్యపేటలో ఉంచితే?

మళ్ళీ అదే ప్రశ్న వేసుకోండి: రెండు ఊళ్ళకూ ఒకే ముప్పు వస్తుందా? 2024లో మున్నేరు, పాలేరు ఒకేసారి పొంగాయని చెప్పుకున్నాం. రెండూళ్ళనూ కలిపేది ఒకే పెద్ద రోడ్డు. 2020 జనవరి 26 తెల్లవారుజామున సూర్యాపేట జిల్లా సరిహద్దులో సుమారు 4.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ కదలిక రెండు ఊళ్ళవారికీ తెలిసింది. కనుక గదిలో అగ్నిప్రమాదానికి, దొంగతనానికి జగ్గయ్యపేట నకలు చాలు. తొందరగా తెచ్చుకోవడానికీ అది మంచిదే. కాని పెద్ద వరదకు అది చాలదు. మరొక నకలు రెండువందల కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాదులోనో, ఇంకా దూరంలోనో ఉండాలి. క్లౌడ్ అనే మాట మీరు వినే ఉంటారు. అది మేఘాల్లో ఉండదు. మరో ఊళ్ళో మరొకరి కంప్యూటర్లలో అద్దెకు తీసుకున్న చోటు, అంతే.

రోజూ 200 గిగాబైట్లూ పంపాలా అంటారేమో. అక్కరలేదు. ఆ రోజు మారినదాన్ని మాత్రం పంపితే చాలు. రోజుకు ఒక గిగాబైటు మారితే, పై వేగంతో 160 సెకన్లు చాలు. మూడు నిమిషాలైనా పట్టదు!

బయటికి పంపే నకలులో విద్యార్థుల సొంత వివరాలుంటాయి కనుక దాన్ని రహస్యలిపిలోకి మార్చి పంపాలి. దాన్ని విప్పే సంకేతపదాన్ని సర్వరులోనే దాచుకుంటే ఏమవుతుంది? సర్వరుతోపాటు అదీ మునుగుతుంది. దూరంలో నకలు భద్రంగా ఉన్నా తెరవలేం. ఇంట్లో తాళంచెవి పెట్టి బయట తలుపు వేసుకున్నట్టే! సంకేతపదాన్ని కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో రెండు చోట్ల దాచాలి.

తాత, తండ్రి, కొడుకు

ముప్పు వరదే కానక్కరలేదు. గుమాస్తా పొరపాటున ఒక తరగతి మార్కులు తుడిచేశాడనుకోండి. ఆ సంగతి పదిరోజుల తరువాత తెలిసింది. రోజూ పాత నకలు మీదే కొత్తది ఎక్కిస్తూ ఉంటే అన్ని నకళ్ళలోనూ ఆ మార్కులు మాయమై ఉంటాయి. అందుకే నకళ్ళను తరాలుగా ఉంచుతారు. రోజు నకలు కొడుకు, వారం నకలు తండ్రి, నెల నకలు తాత. ఈ పద్ధతికి నిజంగానే తాత, తండ్రి, కొడుకు పద్ధతి అని పేరు. కొడుకు దగ్గర లేనిది తండ్రి దగ్గరో, తాత దగ్గరో దొరుకుతుంది.

వైరస్సుల సంగతీ అంతే. 2017 మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించి ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటి ప్రోగ్రాము సర్వరుకు తగిలించి ఉన్న డిస్కులోకి కూడా దూరుతుంది. తీగ తీసి బీరువాలో పెట్టిన డిస్కును అది చేరలేదు. అందుకే నకలు తీయగానే తీగ తీసేయాలి.

తెరిచి చూడని నకలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సమాచారాన్ని తుడిచేశాడు. నకళ్ళు తీసే పద్ధతులు ఆ సంస్థకు చాలానే ఉన్నాయి. తీరా చూస్తే ఏదీ సరిగా అక్కరకు రాలేదు. వేరే పని కోసం సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు వారిని కాపాడింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది.

దీని నీతి ఏమిటి? నకలు తీయడంతో పని అయిపోలేదు. ఆరు నెలలకొకసారైనా, అంతా పోయిందనుకుని, వేరే కంప్యూటరులో నకలునుంచి అన్నీ తిరిగి ఎక్కించి చూడాలి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోవాలి. విత్తనాలను పొలంలో చల్లేముందు రైతు గుప్పెడు తడిగుడ్డలో కట్టి మొలకశాతం చూస్తాడు కదా, ఇదీ అలాంటిదే.

ప్రణాళిక కాగితం మీద ఉండాలి

ఇవన్నీ ఒకచోట రాసిపెట్టాలి. ఎక్కడ? కంప్యూటరులో కాదు, కాగితం మీద! వరద హెచ్చరిక వస్తే మెయిన్ స్విచ్చి ఎవరు కట్టేయాలి? బీరువాలోని డిస్కును ఎవరు తీసుకుపోవాలి? ఆయన ఊళ్ళో లేకపోతే ఎవరు? ఎవరికి ఫోను చేయాలి? ఏ పని ముందు మొదలుపెట్టాలి? కరెంటు, ఇంటర్నెట్టు లేనన్నాళ్ళు హాజరు, ఫీజులు ఏ పుస్తకంలో రాయాలి? ఈ జవాబులున్న కాగితాలు ప్రిన్సిపాలు గదిలో ఒకటి, ఆయన ఇంట్లో ఒకటి, జగ్గయ్యపేటలో ఒకటి ఉండాలి. మనుషులు నీళ్ళలోకి దిగి యంత్రాలను తేవాలని మాత్రం ఎక్కడా రాయకూడదు. నకళ్ళు తీసేదే ఆ అవసరం రాకుండా ఉండడానికి.

ఇప్పుడు చందర్లపాడు అమ్మాయి సంగతికి వద్దాం. ఆదివారం రాత్రి సర్వరు మునిగింది. రోడ్డు మూసుకుపోయింది. జగ్గయ్యపేట నుంచి డిస్కు తేవడానికి వీలుకాలేదు. కాని శనివారం రాత్రి తీసిన నకలు హైదరాబాదులో భద్రంగా ఉంది. సోమవారం ఉదయం, కరెంటు ఉన్న ఒక ఇంట్లో, ఒక మేష్టారు కవరు చింపి సంకేతపదం చూసి, మొత్తం 200 గిగాబైట్లూ కాక మార్కుల పట్టిక ఒక్కటే తెప్పించుకున్నారు. అది కొద్ది నిమిషాల పని. సాయంత్రం లోపల మార్కులు యూనివర్సిటీకి చేరాయి. ఆ అమ్మాయికి ఈ సంగతులేవీ తెలియవు. తెలియకపోవడమే ఆ ప్రణాళిక గొప్పతనం!

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో పుట్టినతేదీ ధ్రువపత్రం, భూమి కాగితాలు, ఫోటోలు ఎక్కడున్నాయో జాబితా రాయండి. ఒక్కొక్కదానికి ఎన్ని నకళ్ళున్నాయి? అన్నీ ఒకే పెట్టెలో ఉంటే వాటిని ఒకటిగానే లెక్కపెట్టండి.

2. మీ తరగతి మార్కుల పట్టికలో ముగ్గురి మార్కులు, వాటి మొత్తం రాయండి: 7, 5, 9, మొత్తం 21. ఏదో ఒక అంకెను వేలితో మూయండి. మిగతావాటినుంచి అదెంతో చెప్పగలరా? ఒక డిస్కు పాడైతే మిగతా డిస్కులనుంచి దానిలోనిది లెక్కగట్టే సర్వర్లు ఇటువంటి ఉపాయంతోనే పనిచేస్తాయి. ఇప్పుడు రెండు అంకెలు మూయండి. ఏమైంది? ఒకే గదిలోని డిస్కులను మాత్రమే నమ్ముకోరాదని ఎందుకంటారో ఆలోచించండి.

3. మీ బడి నకలును దాచడానికి ఒక ఊరు ఎంచుకోవాలి. పటం తీసి చూడండి. మీ ఊరూ, ఆ ఊరూ ఒకే ఏటి ఒడ్డున ఉన్నాయా? ఒకే రోడ్డు మీద ఉన్నాయా? ఒకే తుపాను రెండింటినీ తాకగలదా? మీ జవాబుకు కారణాలు రాసి మీ మేష్టారికి చూపించండి.